లక్క ముద్ర వెనక ఐదు క్వార్కులు

నేను ఒక ఖాకీ కవరుని. మా కట్టలో పుట్టిన తక్కినవాళ్ళు సెలవు చీటీలూ కరెంటు బిల్లులూ మోసి హాయిగా చిరిగిపోయారు. నాకు మాత్రం ఒక అబద్ధాన్ని మోసే రాత పడింది.

నన్ను అంటించింది విశాఖపట్నంలో ఒక పరిశోధనశాల పెద్దాయన, రామభద్రయ్య గారు. ప్రోటాన్‌లో ఉండేవి క్వార్కులనే అతిచిన్న కణాలు మూడు. ఐదు క్వార్కులు కలిసివుండే ఓ కొత్త కణం కోసం ఆయన బృందం వెతుకుతోంది. ఎక్కడో విదేశంలో కణాలు ఢీకొంటాయి, ఆ లెక్కలు ఇక్కడి కంప్యూటర్లకు చేరతాయి. ఒక్కొక్క ఢీని వీళ్ళు ఘటన అంటారు. అలాంటి ఘటనలు ఒకేచోట పోగుపడి గ్రాఫు మీద గుట్టలా లేస్తే కణం దొరికినట్టు. వెనక ఇలాగే దొరికిందని గంతులేసి నాలుక కరుచుకున్నవాళ్ళున్నారట. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే కదా.

అందుకే పెద్దాయన ఒక నియమం పెట్టారు. బృందాన్ని పరీక్షించడానికి అసలు ఘటనల మధ్య ఆయన ఎవరికీ చెప్పకుండా దొంగ ఘటనలు కలపవచ్చు, కలపకపోనూవచ్చు. ఆ సంగతి చీటీ మీద రాసి, నాలో పెట్టి, లక్క ముద్ర వేసి బీరువాలో దాచారు. లెక్కలన్నీ ముగిశాక, లోకానికి చెప్పేముందు నన్ను తెరవాలి.

ఆయన నలభై ఒక్కటి కలిపారు. అది తెలిసినది మా ఇద్దరికే. ఎనిమిది నెలలకు ఆయన గుండెపోటుతో పోయారు. ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

లెక్కలు చేసే హైమవతికి ఆ ఏడాదితో ఉద్యోగం గడువు తీరుతుంది. కణం దొరికితే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఇంటికి. కళ్ళల్లో వత్తులు వేసుకుని పనిచేసింది పాపం. ఒకనాటి మధ్యాహ్నం గ్రాఫు మీద గుట్ట లేచింది. గదిలో కేకలు, మిఠాయిలు. బీరువాలో నాకు ఏడుపొచ్చింది. చెబుదామంటే నోరు లేదు.

బృందానికి కొత్త పెద్ద ప్రభంజనరావు గారికి తొందరెక్కువ. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే విలేకరులను పిలిచేశారు.

"ఇంకా ఆ కవరెందుకమ్మా? ఏమైనా కలిపుంటే ఆ మహానుభావుడు ఎవరికో ఒకరికి చెప్పకుండా పోతాడా? అందులో ఏమీ ఉండదు."

"తెరిచే చెబుదామండీ," అంది హైమవతి.

"నీ ఉద్యోగం దీని మీదే ఉందని మరిచిపోయావా?"

"మరిచిపోలేదు సార్. అందుకే నన్ను నేను నమ్మలేకుండా ఉన్నాను. తెరవాల్సిందే."

ఇన్నాళ్ళూ ఎవరైనా తెరిస్తే బాగుణ్ణని దేవుళ్ళాడాను. ఆమె నన్ను చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం వద్దు తల్లీ, అలాగే పెట్టెయ్యి అనుకున్నాను. స్టీలు స్కేలుతో లక్క పగలగొట్టింది. చీటీని పైకే చదివింది:

"నలభై ఒకటి కలిపాను. వాటి జాబితా వెనకవైపు ఉంది. పట్టుకున్నవారెవరో గానీ చెయ్యి తిరిగినవారు. నన్ను తిట్టుకోండి, నొచ్చుకోకండి."

తన చేత్తోనే ఆ నలభై ఒక్కటీ లెక్కల్లోంచి తీసేసింది. గుట్ట చదునైపోయింది. ప్రభంజనరావు గారు విలేకరులకు ఫోను చెయ్యడానికి బయటికి వెళ్ళారు. మిగతావాళ్ళు ఆమె మొహం చూడలేక ఒక్కొక్కరే క్యాంటీను దారి పట్టారు. అంత గట్టి పని చేసినదాన్ని భుజం తట్టాలని ఒక్కరికీ తోచలేదు. మనుషులు గుట్టకు చప్పట్లు కొడతారు గానీ చదునుకు కొట్టరు.

వాళ్ళు వెళ్ళాక ఆమె కంప్యూటరులో నివేదిక మొదలుపెట్టింది. "వెతికాం. ఇక్కడ లేదు." ఆ రెండు ముక్కల దగ్గర ఆగిపోయి, బల్ల మీద చిరిగి పడివున్న నావైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఎలా మోశావే?" అంది.

పుట్టి ఇన్నాళ్ళకు నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే.