ట్రెలోర్ దొర చప్పట్లు

మా నేలమీద తెల్లదొరలు కట్టిన సాలిస్‌బరీ నగరంలో మొదటివన్నీ మా ఇంటివాళ్ళవే. అంటే, కట్టింది మేం కాదు, పోగొట్టుకుంది మేం. మొదటి గుర్రప్పందెం మా రాగిచేలో జరిగింది. మొదటి ఇటుక ఇల్లు మా అవ్వ న్యారాయ్ తండ్రి సమాధి మీద లేచింది.

ఆ ఇల్లు ట్రెలోర్ దొరది. న్యారాయ్ అక్కడే బట్టలుతికేది. రోజూ పొద్దున్నే వీధి తలుపు ముందు గొంతుక్కూర్చుని, మెల్లగా చప్పట్లు చరిచి, వంశం పేరుతో తండ్రిని పిలిచేది: "సోకో, లోపలికి రానా నాన్నా?" తలుపు తెరుచుకునేది. బయటికి రావడానికి అక్కర్లేదు గానీ, లోపలికి ఎవరు వెళ్ళాలన్నా ఆమె అడగాల్సిందే. దొర దాన్ని కూడా ఉతుకులాగే ఆమె పనుల్లో వేసేశాడు.

నగరానికి పదేళ్ళు నిండాయి. మొదటి ఇంటికి ఇత్తడి పేరుపలక బిగిస్తామన్నారు నగరం పెద్దలు. ఆ ఊపులో ట్రెలోర్ ఇంకో మొదటిది తలపెట్టాడు: సారా సీసాలకి ఇంటికింద నేలమాళిగ.

"ముందుగది కింద మా నాన్న ఉన్నాడు దొరా," అంది న్యారాయ్.

"కాస్త జరగమను."

ఆ మాటని ఆమె వారం రోజులు నమిలింది.

పదేళ్ళ పండగనాడు మైదానం నుంచి అతిథులతో, బ్యాండుతో, ఇత్తడి పలకతో దొర ఇంటికొచ్చాడు. తలుపు కదల్లేదు. న్యారాయ్ తొట్టి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"అడగవే."

"ఎవరి కోసమని అడగను?"

"ఇంటివాణ్ణి నేను, నాకోసం."

"మీ ఇంట్లోకి మీరెళ్ళడానికి నేనెందుకు దొరా?"

దొర తలుపుని భుజంతో గుద్దాడు. కిటికీలూ బిగుసుకున్నాయి. ఎండకి బ్యాండువాళ్ళు ఒక్కొక్కరే ఊదడం మానేశారు. చివరికి, "ఎలా అడగాలో చెప్పి ఏడువు," అన్నాడు.

మాలో మగవాళ్ళు అరచేతులు చాపి చరుస్తారు. ఆడవాళ్ళు చేతులు గుల్లగా వంచి, అడ్డంగా చరుస్తారు. న్యారాయ్ రెండోది నేర్పింది.

ఊరంతా చూస్తుండగా దొర పలక కిందపెట్టి, మోకాళ్ళు మడిచి, కొత్తకోడలిలా చరిచాడు.

"సోకో, రావచ్చా?"

"గట్టిగా. ఆయనకి చెవుడు. తవ్వనని కూడా చెప్పండి."

"సోకో, తవ్వను. రానివ్వు."

మూడోసారికి తెరుచుకుంది.

నేలమాళిగ లేదు. ట్రెలోర్ బతికినన్నాళ్ళూ అలాగే చరిచి లోపలికెళ్ళాడు. న్యారాయ్ వేరే ఇంట పనికి కుదిరింది గానీ, సాయంత్రాలు చూడ్డానికి వచ్చేది.

ఒక్కటి దాచాను. సోకోకి గొయ్యి తవ్వింది మా తాత, న్యారాయ్ మొగుడు. మాలో అది అల్లుడి పని. నేలమాళిగ తవ్వడానికి కూలికి ఒప్పుకుని, ఆరోజు గునపంతో గుంపు వెనక నిలబడ్డదీ ఆయనే.