గేటు ముందర మంద

“నా గొర్రెలు ఈసుకపోయింది రోగంతో కాదు, మీతోనే! కడుపులో పిల్లల్ని సంపింది మీరే!”

మారెక్క నెత్తిమీది గంపను గేటు ముందర దించింది. గంపలో గోనెపట్ట మీద నెలలు నిండని గొర్రెపిల్లలు రెండు, చచ్చి పడి ఉన్నాయి. వాటికి ఇంకా బొచ్చు కూడా రాలేదు. కాపలా ఉండే పుల్లన్న ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

“ఏందక్కా ఇది పొద్దున్నే? లోపల సార్లు ఉండారు.”

“సార్ల కోసమే వచ్చినా. నీ మొగం సూసేకి వచ్చినా అనుకుంటివా?”

బెళుగుప్ప దాటి పడమటికి పోతే ఎర్రనేల బయలు వస్తుంది. కరువు మీద కరువు పడిన ఆ ఏళ్లలోనే, అక్కడ విమానం నడపడం నేర్పే బడి ఒకటి పెట్టారు. ఈ గేటు దానిదే. విమానాలు చిన్నవే, రొద మాత్రం చిన్నది కాదు. లేస్తాయి, గుండ్రంగా తిరిగి వచ్చి నేలను తాకుతాయి, మళ్లీ లేస్తాయి. పొద్దు పొడిచింది మొదలు ఎండ ముదిరేదాకా ఇదే పని.

మొదట ఆ తిరుగుడంతా తూర్పు పక్కన ఉండేది. తూర్పున జయరామిరెడ్డి చీనీ తోట, తోటలో కొత్తగా కట్టిన గెస్ట్ హౌసు. బెంగళూరు నుంచి దిగిన ఆయన చుట్టాలకు తెల్లవారి నిద్ర చెడింది. ఆయన బడివాళ్లకు ఫోన్ చేశాడు. వారం తిరక్కముందే విమానాలు తూర్పు వదిలి పడమరకు మళ్లాయి. పడమర ఏముంది? గొర్రెలు కాసే కురుబల కొట్టాలు, మారెక్క మంద. అక్కడ కూడా పడుకునే ప్రాణులు ఉంటాయని ఎవడికి తోచింది?

వానలకు ముందు ఆ పక్క చేలలో మంద కట్టిస్తారు. చేనులో చుట్టూ తడికెలు నిలబెట్టి, రాత్రంతా గొర్రెల్ని అందులో ఆపుతారు. పెంటికలూ ఉచ్చా పడి నేల బలుస్తుంది. దానికి బదులు చేను గలాయన గొర్రెలవాళ్లకు గింజలు కొలుస్తాడు. మారెక్క మొగుడు తిప్పన్న నడుము పడిపోయి మంచం పట్టాక, ఆ గింజలతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. మంద కట్టించుకునేవాళ్లు లేకపోతే గింజల్లేవు. గింజలు లేకపోతే గొర్రెల్ని సంతకు తోలాలి, కసాయి చేతిలో పెట్టాలి. ఆమెకు తెలిసిన లెక్క అంతే.

కుళ్ళాయప్ప చేనులో మంద కట్టిన మరుసటి పొద్దున, తడికె తీయకముందే విమానం తలల మీదికి దిగింది. గొర్రెలన్నీ బెదిరి ఒక మూలకు తోసుకున్నాయి. కిందపడిన చూడి గొర్రెల్ని మిగతావి తొక్కాయి. తడికె విరిగింది. మంద పోయి పక్కాయన బోరు కింద పెట్టుకున్న శెనక్కాయ పైరులో పడింది.

“మారెక్కా, నీ మంద నా చేనికి వద్దమ్మా. పక్కోనితో కొట్లాట నాకెందుకు?” అన్నాడు కుళ్ళాయప్ప.

“బెదిరితే గొర్రెలు నిలుస్తాయా అన్నా? నీ మీదికి దిగితే నువ్వు నిలుస్తావా?”

“నేను నిలవను. అందుకే వద్దంటాండా.”

ఆ మాట ఊరు దాటింది. ఇంకెవరూ మందకు పిలవలేదు.

మారెక్క టీకొట్టు ఓబుళేసు దగ్గరికి పోయింది. ఊరివాళ్ల అర్జీలన్నీ అతనే రాస్తాడు. గొర్రెల సంగతి రాయమని అడిగితే నవ్వాడు.

“గొర్రెలని రాస్తే నీ వెనకాల వచ్చేది నీ గొర్రెలే అక్కా. మోడాల సంగతి రాస్తాం. విమానం సద్దుకు మోడాలు చెదిరిపోతాండాయి, వాన రాకుండా పోతాండాది అని రాస్తే ఊరంతా వేలిముద్ర వేస్తాది.”

ఊరికి ఆ అనుమానం ముందే ఉంది. సాయంత్రం అయ్యేసరికి మబ్బు పట్టి మోడం కమ్ముకోవడం, చుక్క రాలకుండానే విడిపోవడం అందరూ చూస్తున్నదే. ఎండిన చేను గట్టు మీద కూర్చున్నవాడికి ఆకాశంలో కనపడేది విమానం ఒక్కటే, తిట్టడానికి అదే దొరికింది. మారెక్క కూడా సగం నమ్మింది. పదిమంది తోడు వస్తారన్న ఆశతో వేలిముద్ర వేసింది.

ఊరు ఊరంతా బయలుకు పోయింది. బడి మేనేజరు అర్జీ చదివి పకపకా నవ్వాడు. “విమానం చప్పుడుకు వాన పారిపోతుందా? అట్లయితే పెద్ద పెద్ద ఎయిర్‌పోర్టులున్న ఊళ్లు వరదల్లో ఎందుకు మునుగుతున్నాయయ్యా?” అన్నాడు. పోయినవాళ్లు పోయినట్టే తిరిగొచ్చారు. గొర్రెల మాట ఒక్కరి నోటా రాలేదు, మారెక్క నోట కూడా.

ఆ తర్వాతే తొక్కిడి తిన్న గొర్రెలు నెలలు నిండకుండానే ఒకటి వెనక ఒకటి ఈసుకపోయాయి. ఇక ఆమె ఎవరినీ తోడు పిలవలేదు. గంప ఎత్తుకుని నేరుగా గేటు దగ్గరికి వచ్చింది.

అరుపులకు మేనేజరు బయటికి వచ్చాడు. గంపలోకి చూసి మొహం తిప్పుకున్నాడు.

“ఇది మాకెవరూ చెప్పలేదే! మొన్న అర్జీలో వాన అని కదా రాశారు?”

“తప్పే రాసినాం. తప్పు రాసినామని గొర్రెలు సావాల్నా సారూ?”

“తూర్పు పక్కకు తిప్పితే అక్కడ కంప్లైంటు ఉంది. పైవాళ్లను అడగాలి. నువ్వు గొర్రెల సంగతి సరిగ్గా రాయించుకుని రా, చూద్దాం.”

“రెడ్డి రాసిచ్చినాడా?”

మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. పుల్లన్న తువ్వాలు చాటు నుంచి, “ఫోన్ చేసినాడక్కా” అన్నాడు. మేనేజరు కళ్లెర్రజేస్తే గేటు వెనక్కి జరిగాడు.

“నా మందకు ఫోన్ లేదు సారూ. దానికి నోరుండాది. ఈడికే తోలకొస్తా, నువ్వే విను.”

పొద్దు వాలుతుండగా ఆమె అన్నంత పనీ చేసింది. మందను తోలుకొచ్చి, గేటు ముందర దారికి అడ్డంగా తడికెలు పాతడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఎవరో తడికె ఎత్తిపట్టుకున్నారు. కుళ్ళాయప్ప.

“నువ్వెందుకొచ్చినావన్నా?”

“నీ మింద ప్రేమ అనుకోవద్దు. మంద లేకపోతే నా చేను బలిసేదెట్ల?”

తెల్లవారింది. విమానం నడపడం నేర్చుకునే పిల్లగాళ్ల జీపు తడికెల ముందు ఆగి హారన్ కొట్టింది. గొర్రెలు కదల్లేదు. ఎగరాల్సినవాళ్లు దారిలో ఉండిపోతే విమానాలు షెడ్డులోనే ఉండిపోయాయి. ఎన్నాళ్లకో ఒక పొద్దున ఆకాశం గమ్మునుంది. చూడి గొర్రెలు పడుకునే నెమరు వేస్తున్నాయి.

మేనేజరు పరుగున వచ్చాడు. “పోలీసులకు ఫోన్ చేస్తా!”

“సెయ్. మీకు ఫోన్లే గదా వినపడేది.” మారెక్క తడికె మీది చెయ్యి తీయలేదు. “విమానాలు వద్దని నేను అనలే. మంద విప్పి మేతకు పోయినాకనే ఎగరండి. గొర్రెలు ఈనే నెలల్లో మా కొట్టాల పక్కకే రావద్దు. రెడ్డి తోట మీద సగం దినాలు, మా మీద సగం దినాలు తిప్పండి. మళ్లా దావ మార్చేటప్పుడు మమ్మల్ని గూడా అడగండి. ఈ నాలుగు మాటలు ఈ పొద్దే రాసి, మొహరు కొట్టి, ఈ గేటుకే అతికించండి. అందాకా తడికె తీసేది లేదు.”