మున్నూరు స్తంభముల మాయామండపము

శ్రావణమేఘములు సముద్రముఖమునుండి లేచి బందరు పట్టణపు పెంకుటిండ్లపై నీలాతపత్రమువలె విస్తరించి చినుకైనను రాల్పక నిలిచియున్న యొక మధ్యాహ్నమున కంప్యూటరు శిక్షణాలయపు గదిలో నాంచారమ్మ యను కన్యక తెరవంక జూచుచు నిశ్చేష్టయై కూర్చుండెను. పెడనలో బట్టలపై అచ్చులద్దువారి యింట జనించిన యామె యారుమాసములు అక్షరమక్షరము కూర్చి మున్నూరు స్తంభముల మండపము నొకదానిని నిర్మించియుండెను. అది రాతిమండపము గాదు. ఇంటర్నెట్టున నెవ్వరైనను తెరపై దెరచి కంబముల నడుమ నడయాడదగిన మాయామండపము. ఆ సాయంకాలము అయిదుగంటలకు హైదరాబాదునందలి పరీక్షకులు దానిని దర్శించి మెచ్చిరేని యా శిక్షణాలయముననే యామెకు ఉపాధ్యాయినీపదవి లభించును. లేకున్న మరునాటినుండి మరల అద్దకపు బల్లయే గతి.

కాని యా ఫైలు మహాకాయమగుటచే టెలిఫోనుతీగ వెంబడి సగము దూరమేగునంతలో లైను తెగుచుండెను. మూడుమారు లట్లే జరిగెను.

"స్తంభాలు పీకేయమ్మా. పది మిగిల్తే చాల్లే, వాళ్ళేమన్నా లెక్కెడతారా" అని శిక్షకుడు జోగారావు పలికెను. ఆమె పీకలేదు.

అంతట అన్నపు క్యారియరు గొనివచ్చిన మాతామహి బసవమ్మ తెరపై బారులుదీరిన యక్షరపంక్తులను జూచి యవి యేమని యడిగెను. స్తంభమునకు స్తంభమునకు కొలతలును చెక్కడమును వేర్వేరుగ వ్రాసితినని మనుమరాలు విన్నవించెను.

"అన్నీ ఒకేలాంటియ్యేనా?"

"ఒకేలాంటియ్యే అమ్మమ్మా."

"మరి పువ్వు పువ్వుకీ ఓ అచ్చు చెక్కించుకున్నావేంటే పిచ్చిమొహమా. మీ తాత వింటే పడీ పడీ నవ్వేవోడు."

నాంచారమ్మ నవ్వలేదు. క్యారియరు మూతయైనను దీయక ఒక్క స్తంభమును మాత్రము సాంగోపాంగముగ వర్ణించి దానికొక నామమొసంగి తక్కినవానికెల్ల నా నామమును అవి నిలువవలసిన తావును మాత్రమే వ్రాసెను. ఫైలు ముప్పదింట నొకపాలయ్యెను. అయిదుగంటలకు పదినిమిషములు కొరవడియుండగ నది తీగవెంట నిర్విఘ్నముగ నేగెను.

"ఈ కిటుకు బైట చెప్పకు. మనకే ఉండనీ" అని జోగారావు మెల్లగ హెచ్చరించెను.

"ఫైలు మొదట్లోనే రాసేశానండి. తెరిచినోళ్ళందరికీ కనపడుద్ది."

అతడు ముఖము గంటుపెట్టుకొనెను. అయినను పరీక్షకులు మెచ్చిరి గావున పదవి యామెకే దక్కెను.

మాసము తిరుగకమున్నే ఆదోనినుండి యొక అపరిచితుడు ఆమె ఫైలు మొదటనున్న వ్రాతను జదివి తాను నిర్మించిన మాయాగ్రంథాలయమును ఆమెకు పంపెను. దాని ద్వారమునకు ఇరుప్రక్కల నాంచారమ్మ వ్రాసిన స్తంభములే నిలిచియుండెను. వాని నడుమనుండి యామె తెరపై మెల్లగ లోనికేగి తానెన్నడును ఊహింపని పుస్తకముల వరుసలను గాంచుచు పరుల గృహమున అతిథివలె చాలసేపు నిలిచెను.