జుంబెర్ సొంత మాట

మా కఖేతి సీమలో మనిషి లోతు తెలుసుకోవడానికి అతని ద్రాక్షతోట చూడనక్కర్లేదు. చేతిలో వైన్ పెట్టి నాలుగు మాటలు చెప్పమంటే చాలు. విందులో పెద్దగా కూర్చుని, ఎవరిని తలుచుకుని తాగాలో చెప్పేవాణ్ణి తమదా అంటాం. నా మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల తమదాని నేనే. నా పేరు ఓతియా.

జుంబెర్ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఒకప్పుడు ఊళ్లో పెద్దమనిషంటే అతనే. చర్చికి గంట అతనిచ్చిందే, బడికి కప్పు అతను వేయించిందే. తన వ్యాపారంలో భాగస్తుడైన గెలాని అతనే చంపాడు. వైన్ ఊరబెట్టడానికి భూమిలో రెండు నిలువుల లోతు కాగులు పాతుకుంటాం మేం. గెలా ఒకదాన్ని కడగడానికి లోపలికి దిగితే, జుంబెర్ నిచ్చెన లాగేసి రాతి మూత పెట్టాడు. ఊపిరి ఆగాక మూత తీసి, నిచ్చెన దించి, చల్లగా జారుకున్నాడు. ముందురోజే త్బిలిసి పట్నం వెళ్లానని అందర్నీ నమ్మించాడు. కాగుల్లో విషగాలి నిలుస్తుందని మాకు తెలుసు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. కోపమొచ్చి చంపావా అని పోలీసులు అడిగితే, "లేదండీ, నాకేమీ అనిపించలేదు" అన్నాడట.

ఇదంతా నాకప్పుడు తెలీదు. నాకు తెలిసిందల్లా వాడు నా మాటలు దొంగిలిస్తాడని. ఒక విందులో నేను చెప్పింది తర్వాతి విందులో వాడి నోట వినపడేది. నా గొంతు ఎక్కడ వణికిందో వాడి గొంతూ అక్కడే వణికేది. జనం నన్ను మరిచిపోయి వాడికి చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండేది.

గెలా పోయాక పుట్టిన కొడుక్కి బాప్తిస్మం ఇప్పించారు. గెలా భార్య దారికో నాకు మేనకోడలు. బాప్తిస్మంలో పిల్లవాడికి అండగా నిలిచే జ్ఞానతండ్రి ఎవరనుకున్నారు, జుంబెరే! చర్చి నుంచి వచ్చి బల్ల దగ్గర కూర్చునేసరికి ఎండ, పాట, కాల్చిన మాంసం వాసన, గెలా కడిగిన కాగులోంచే తోడిన కొత్త వైన్. అందరికీ తల తేలికైపోయింది. ఫాదరుగారు కూడా ఈల వేశారు. నాకూ కొంటెబుద్ధి పుట్టింది. ఇవాళ వీడికి ఒక్క మాట మిగల్చకూడదనుకున్నాను.

తల్లుల గురించి, నేల గురించి, స్నేహం గురించి నాకు తెలిసిందంతా కుమ్మరించాను. పోయినవాళ్ల వంతు వచ్చాక గెలా గురించి కూడా ఏమీ మిగల్చకుండా చెప్పి, "అలావెర్దీ జుంబెర్!" అన్నాను. అలా మాట అందించాక అందుకున్నవాడు లేచి, అప్పటిదాకా ఎవరూ చెప్పనిది చెప్పాలి. చెప్పేదాకా కూర్చోకూడదు.

జుంబెర్ వైన్ తాగే కొమ్ము నిండుగా పట్టుకుని లేచాడు. నవ్వాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఖాళీ కాగులోకి తొంగిచూసినట్టుంది ఆ మొహం.

"ఏం మామా, నాలుక మడతపడిందా?" అన్నాడు పక్కింటి అవ్తో. బల్లంతా గొల్లుమంది.

అప్పుడు జుంబెర్ కళ్లు మెరిశాయి. "గెలా కాగు కడుగుతూ పాడేవాడు," అని మొదలుపెట్టాడు. "అడుగున నిలబడి తలెత్తి నవ్వుతూ అన్నాడు: ఒరే జుంబెర్, ఆటలాపి నిచ్చెన వెయ్యరా. నాకు కొడుకు పుట్టబోతున్నాడు. వాడి బాప్తిస్మానికి ఈ కాగే తెరుద్దాం, జ్ఞానతండ్రివి నువ్వే."

అబ్బ, ఏం చెప్పాడు! అవ్తో వెక్కివెక్కి ఏడ్చాడు. అక్కసంతా మరిచి నేనూ ఏడ్చాను. జుంబెర్ మొహంలో వెలుగు చూడాలి. మొదటిసారి అప్పు తెచ్చుకోని మాటకి జనం కరిగిపోయారు.

దారికో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఎప్పుడన్నాడు అన్నయ్యా? మళ్లీ చెప్పవా."

"ఆ పొద్దునేనమ్మా," అన్నాడు జుంబెర్, ఇంకా ఆ మత్తులోనే.

"ఏ పొద్దున?"

"అదే, కాగులో దిగిన పొద్దున."

దారికో నవ్వు మెల్లగా ఆగిపోయింది. "నెల తప్పానని నేనాయనకి చెప్పింది ఆ పొద్దునే. ఇంకెవరికీ చెప్పలేదు. ఫోను ఇంట్లోనే వదిలి తిన్నగా కాగు దగ్గరికి వెళ్లాడు. నువ్వు త్బిలిసిలో ఉన్నావు కదా అన్నయ్యా?"

దారికో లేచి, జుంబెర్ పక్కన ఉయ్యాలలో ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకుని బల్ల అవతలికి వెళ్లింది. అవ్తో వెళ్లి గేటు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

జుంబెర్ పారిపోలేదు. కొమ్ము పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చప్పట్లు ఎందుకు రావట్లేదో అతనికి అర్థం కానట్టుంది.

"బాబాయ్," అన్నాడు నావైపు తిరిగి, "బాగా చెప్పాను కదా? ఇది మాత్రం నీ దగ్గర తీసుకున్నది కాదు."

తమదాని కదా, జవాబు చెప్పాల్సింది నేనే.

"బాగా చెప్పావు," అన్నాను. "కానీ ఇది కూడా నీది కాదురా. గెలాది."