తంగేడు పొదకు పోసిన కల్లు

నేను కల్లు గీసే గీత కత్తిని. ప్రస్తుతం రాజేశం గౌడ్ నన్ను పలుగురాతి పొడి చల్లిన చెక్కపలక మీద నూరుతున్నాడు. ఆరు నెలలు చెట్టెక్కవద్దని డాక్టరమ్మ చెప్పింది, నూరవద్దని చెప్పలేదు కదా అని అతని వాదన. అతని భార్య సాయవ్వ ఆ వాదన విని విని విసిగి, చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె తమ్ముడు కొమురయ్య నులక మంచం మీద కల్లు సీసా పట్టుకొని కూర్చున్నాడు. మూత ఇంకా తీయలేదు. నాకు అదే వింతగా ఉంది.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. పాత లారీ కమాన్ పట్టీని కమ్మరి వీరాచారి కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. మొదట రాజేశం తండ్రి నడుముకు వేలాడాను. ఆ ముసలాయన నన్ను కొడుకు చేతికిస్తూ రెండు మాటలు చెప్పాడు. "బలమున్న ఈతచెట్టును ధైర్నంగ గియ్యి, మానుకుంటది. కుంగిన చెట్టును గోరంతనే గియ్యి. లోతుకు పోతె మొవ్వు ఎండుతది" అన్నది మొదటిది. "నీ కల్లు నువ్వు తాగి చూపియ్యాలె. గీసినోడు తాగని కల్లు ఎవడు తాగుతడురా?" అన్నది రెండోది.

మొదటిదాన్ని రాజేశం నిష్ఠగా పాటించాడు. చిక్కంతా రెండోదానితోనే. అతనికి కల్లు పడదు. గుక్కెడు మింగితే గుండెలో మంట, రోజంతా తలనొప్పి. అందుకని ముప్పై ఏళ్ళుగా ఒక నాటకం ఆడుతున్నాడు. అందరి ముందూ సీసా ఎత్తుతాడు, గుటకల చప్పుడు చేస్తాడు, మూతి తుడుచుకునే నెపంతో పక్కకు తిరిగి తంగేడు పొదలోకి ఒంపేస్తాడు. ఇన్నేళ్ళలో ఆ పొద ఒక్కసారీ తూలకపోవడం దాని గొప్పతనం. "మా బావ తాగినంక నాకేం బుగులు?" అంటూ కొమురయ్య మాత్రం పొద్దున రెండు, సాయంత్రం రెండు సీసాలు నిజంగానే ఖాళీ చేసేవాడు.

మొన్న ఎండాకాలంలో రాజేశానికి కుడి డొక్కలో నొప్పి మొదలైంది. పట్నం ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, కాలేయంలో బత్తాయంత క్యాన్సర్ గడ్డ ఉందన్నారు. ఇనుము దగ్గరుంటే గాలి సోకదని సాయవ్వ నన్ను తువ్వాలలో చుట్టి సంచి అడుగున దాచింది. గేటు దగ్గర కాపలావాడు టిఫిన్ డబ్బా విప్పించి పప్పును అనుమానంగా చూశాడు. నన్ను వదిలేశాడు. మనుషుల జాగ్రత్తలు అలాగే ఉంటాయి.

"రోజూ తాగుతావా?" అని డాక్టరమ్మ అడిగింది.

పక్కనే కొమురయ్య ఉన్నాడు. రాజేశం ఛాతీ విరిచి, "తాగుత మేడం. పొద్దూమాపూ. ముప్పై ఏండ్ల సంది" అన్నాడు.

ఆమె కలం కింద పెట్టింది. "గడ్డ ఉన్న కుడి సగం కోసి తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉంది. కాలేయం మంచిదైతే మిగిలిన సగం మళ్ళీ పెరుగుతుంది. కానీ తాగి తాగి అది గట్టిపడి ఉంటే అంత కోయలేం. మిగిలింది పనిచేయక ప్రాణానికే ముప్పు" అంది.

ఒకవైపు ప్రాణం, ఒకవైపు కల్లు పరువు. సాయవ్వ మొగుణ్ణి చూసింది. మొగుడు బామ్మర్దిని చూసి నోరు మూసుకున్నాడు. నిజం తెలిసిన నాకేమో నోరే లేదు.

కాలేయం ఎంత గట్టిపడిందో చూసే పరీక్ష చేశారు. మర్నాడు డాక్టరమ్మ ఆ కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పింది. "ముప్పై ఏళ్ళు తాగినవాడి కాలేయం ఇంత మెత్తగా ఉందేమిటి? వేరేవాళ్ళ రిపోర్టు వచ్చిందేమో. అది తేలేదాకా ఆపరేషన్ ఆపుదాం."

ఆపుదాం అనేసరికి సాయవ్వ ఓపిక నశించింది. "ఆయనదే మేడం! ఏం తాగుతడు, ఆయన మొకం! అంత తంగేడు పొదకే తాపుతడు!"

వార్డంతా నవ్వింది. డాక్టరమ్మా నవ్వింది. కొమురయ్య ఒక్కడే నవ్వలేదు. "అంటే బావా, గిన్నేండ్లు నేనొక్కన్నే తాగిన్నా?" అన్నాడు.

కుడి సగం తీసేశారు. అక్కడి కత్తి నా కొసంత కూడా ఉండదట. కాస్త అసూయపడ్డ మాట నిజమే. రెండు నెలలకు తీసిన స్కానింగులో మిగిలిన సగం పెరుగుతూ కనిపించింది. "బలమున్న చెట్టే" అని రాజేశం మురిసిపోయాడు.

ఇప్పుడు మంచం మీద కొమురయ్య సీసాను ఇటూ అటూ తిప్పుతూ అడిగాడు. "బావా, కుంగిన చెట్టుకు ముందుగాల ఏం చేస్తవ్?"

నూరడం ఆగింది. రాజేశం వేళాకోళం ఆడలేదు. "గీసుడు బంజేస్త. అటెంక ఎంత సత్తువ మిగిలిందో చూస్త."

"ఆ మేడం మంగళారం కూసుంటదిరా తమ్మీ. నేనొస్త నీతోని" అంది సాయవ్వ, చింతపండు మీద నుంచి తల ఎత్తకుండానే.

కొమురయ్య లేచాడు. సీసా మూత తీసి, వాకిట్లో గన్నేరు మొదట్లో మొత్తం ఒంపాడు. పక్కకు తిరగలేదు. మూతి తుడుచుకోలేదు. ఖాళీ సీసాను గడప పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు.