థిన్నర్‌తో తుడిచిన అద్దం

నేను ఒక బ్రేకర్ బండి ముందద్దాన్ని. అద్దమంటారు గానీ గాజును కాను. గట్టి ప్లాస్టిక్‌ను కరిగించి, మందంగా పలక తీసి నన్ను చేశారు. పంపే ముందు ఫ్యాక్టరీలో నా మీద ఇనప గుండు జారవిడిచారు. పగల్లేదు. ఎవరూ మెచ్చుకోలేదు. ఇంకో పలకను తెమ్మన్నారు.

గ్రానైటు క్వారీకి వచ్చాను. అక్కడ బండి ఇనప ముక్కుతో రాయిని పొడిచి పగలగొడతారు. రాయి ఊరికే పగలదు. ముక్కలు ఎగిరి ఆపరేటరు మొహం మీదికి వస్తాయి. ఆ మొహానికీ రాళ్లకీ మధ్య నిలబడటం నా పని.

ఆ మొహం మాల్యాద్రిది. బుగ్గ మీద పాత గాజద్దం చేసిన గాటు ఉంది. నన్ను బిగించిన రోజు అతని భార్య రవణమ్మ అన్నం క్యారేజీ తెచ్చి, నన్ను వేళ్లతో తట్టి చూసింది.

"ఇదన్నా నిలబడుద్దా?"

"సుత్తితో కొట్టినా పగలదంట."

"సుత్తి చెప్పి వచ్చిద్ది. రాయి చెప్పి వచ్చిద్దా?"

నిలబడ్డాను. పిడికిలంత రాళ్లు తగిలి కిందపడ్డాయి. తగిలినప్పుడల్లా మాల్యాద్రి కళ్లు మూసి తెరిచేవాడు. తెరిచిన ఆ రెండు కళ్లు చూస్తే నాకు చాలు.

మేలు చేసినదాన్ని మనుషులు ఊరికే ఉంచరు. రెండో దసరా వచ్చింది. ఆయుధపూజకు బండి కడిగారు. నిరుడు నా మీద అంటించిన దేవుడి బొమ్మ చిరిగింది గానీ జిగురు వదల్లేదు. రవణమ్మ తమ్ముడు కొండలు అదే క్వారీలో పనివాడు. షెడ్డులోంచి రంగులో కలిపే థిన్నర్ డబ్బా తెచ్చాడు.

"ఒక్క దెబ్బకు పోద్ది బావా."

మాల్యాద్రి గుడ్డ తడిపి ప్రేమగా రుద్దాడు.

సబ్బునీళ్లు నాకు స్నానం. థిన్నర్ నాకు విషం. లోపలికి దిగి కంటికి ఆనని చీలికలు పెడుతుంది. బిగించినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు. నేను చెప్పలేను.

"అబ్బో! చూసుకుని తల దువ్వుకోవచ్చు," అన్నాడు కొండలు.

"నీ తలకు దువ్వెన దండగరా," అన్నాడు మాల్యాద్రి.

రవణమ్మ నవ్వుతూ నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. "మా ఆయన్ని కాపాడు తల్లీ," అంది మెల్లగా. నాతోనే అంది.

పండగ వెళ్లాక ఒక పొద్దున రాయి ఎగిరింది. అంతంత రాళ్లను ఎన్నిటినో ఆపాను. దీన్ని ఆపలేకపోయాను. పగిలాను. నా ముక్కే అతని కుడికంట్లో దిగింది.

దిష్టి అన్నారు అందరూ. అంత మెరిస్తే ఎవరి కన్నో పడకుండా ఉంటుందా అన్నారు. డబ్బా మీద ఎవరికీ అనుమానం రాలేదు.

నన్ను షెడ్డు పక్కన తుక్కులో పడేశారు. మాల్యాద్రి ఇప్పుడు ఆ షెడ్డుకు కాపలా. బండి కొండలు నడుపుతున్నాడు. దానికి నాలాంటి పలకే కొత్తది వేశారు.

ఇవాళ మళ్లీ ఆయుధపూజ. ఈసారి నిమ్మకాయలు గుత్తులుగా కట్టారు. రవణమ్మ పెద్ద గుమ్మడికాయ తెచ్చింది. మొగుడి కన్ను పోయింది, తమ్ముడివన్నా నిలవాలని ఆమె ఆశ. కొత్త పలక మీద గ్రీజు మరక ఒకటి, కొండలు ఎంత తుడిచినా పోవడం లేదు.

"దిగరా, నీ వల్ల కాదు," అన్నాడు మాల్యాద్రి.

షెడ్డులోకి వెళ్లాడు. థిన్నర్ డబ్బాతో నా పక్కనుంచే నడిచిపోయాడు. బావమరిది కూర్చునే చోటు కదా, ఒంటికన్ను దగ్గరగా పెట్టి, మూలమూలా రుద్దుతున్నాడు.

మరక పోయింది. పలక తళతళా మెరుస్తోంది.