చూరునీళ్లలో పరిగెలు

చూరు కింద పెట్టిన బిందెలోని వాననీళ్లను వీరవేణి పాత పంచెగుడ్డలో వడగట్టి గాజుజాడీలో పోసింది. నూతినీళ్లు ఉప్పన, చేప బతకదు. కాకినాడ రేవులో కొన్న ఆ జాడీని ఆమె మొగుడు జగన్నాథరావు గడ్డిలో చుట్టి పడవ మీద తెచ్చాడు. బోదెకాలవలో పాలేరు పట్టిన చిట్టి పరిగె చేపల్లో ఒక్కటి ఉంచి, తక్కినవి పారబోయించాడు.

"అన్నీ ఒక్కలాగే ఉంటాయి కదే! ఒక్కటైతే వచ్చినవాళ్లకి చక్కగా కనబడుతుంది."

ఆ ఒక్కటీ రాయి చాటున నక్కి, తవుడు ముట్టడం మానేసింది. "చేపకి తిండి పెట్టడం కూడా చేతకాదేంటే?" అంది అత్తగారు సంపూర్ణమ్మ.

వీరవేణికి ఆ చేపను చూస్తుంటే తన భోజనమే గుర్తొచ్చేది. పుట్టింట్లో అక్కచెల్లెళ్ల మధ్య కూర్చుని పోటీపడి తినేది. ఇక్కడ అందరూ లేచాక, మొగుడు తిన్న విస్తట్లో, ఒక్కతే కూర్చోవాలి. తోటికోడలి పేరు పాపాయి; ఆమె వంతు ఆ తరవాత. ఇద్దరూ ఒక్కచోట చేరితే కబుర్లే గాని పని జరగదని అత్తగారి కట్టడి. రెండు ముద్దలకే చెయ్యి కడుక్కుంటుంటే, "మా చిన్నకోడలిది పిట్ట తిండి" అని ఆవిడ ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పేది. వినగా వినగా, తనకు ఆకలి తక్కువేనని వీరవేణి కూడా నమ్మింది.

ఒక ఉదయం పెరటి వెనక బోదెలో గుడ్డ ముంచి, గుప్పెడు పరిగెలు పట్టి జాడీలో వదిలింది. రాయి చాటుది బయటికొచ్చింది. గుంపులో కలిసింది. గుంపు తిరిగినప్పుడల్లా తిరుగుతూ తవుడు అందుకుంది.

భోజనం చేస్తూ జగన్నాథరావు జాడీ వైపు చూశాడు. "మళ్లీ ఇవన్నీ ఏంటే?"

"ఒక్కటే ఉంటే తినడం లేదండి."

"చేపకి తోడేంటి, నీ పిచ్చిగాని!" నవ్వుతూ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అతని విస్తరి ముందు ఎప్పట్లాగే కూర్చోబోయి, ఆగింది. దాన్ని మడిచి అవతల పెట్టింది. కొత్త విస్తళ్లు రెండు పరిచింది.

"అక్కా, రా. అన్నం తిందాం."

పాపాయి రోకలి పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "అత్తయ్యగారు చూస్తారే!"

"చూడనీ. చల్లారిపోతోంది, కూచో."

పాపాయి రోకలి గోడకి ఆనించి, బెదురుతూనే కూర్చుంది. పప్పు కలుపుతూ ఏదో గొణిగింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"ఏంటర్రా ఆ నవ్వులు?" వీధరుగు మీంచి అత్తగారి గొంతు.

"అన్నం తింటున్నామండీ," అని వీరవేణి గట్టిగా చెప్పి, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి మారు వడ్డించుకుంది.